అనుపు పాట

నన్ను పాటల మనిషి అంటారు. ఈమధ్య కొందరు కుర్రాళ్ళు ఇంటికొచ్చి, టేపు రికార్డరు నా ముందు పెట్టి, "మీరు మొత్తం ఎన్ని బాణీలు కట్టారండీ?" అని అడిగారు. నేను కట్టిన మాటలైతే కుప్పలున్నాయి. బాణీ మాత్రం ఒక్కటీ కట్టలేదు. ఆ మాటే చెబితే వినయం చూపిస్తున్నాననుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నాకు వినయం ఎప్పుడు ఏడ్చింది గనక! ఒక్క పాట సంగతి ఇప్పటికీ నాకు అంతుచిక్కలేదు, అందుకని ఆ మాట అన్నాను. వాళ్ళు వెళ్ళాక కూడా బుర్ర తిరుగుతూనే ఉంది. రాస్తే తెరిపిన పడుతుందేమోనని ఇది మొదలుపెట్టాను.

అరవైల చివరి సంగతి. నరసన్నపేటలో ఒక బట్టల కొట్టు అరుగు మీద నాకో కుట్టు మిషను ఉండేది. మా ఊరు అక్కడికి సైకిలు దూరం, వంశధార ఒడ్డున. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికెళ్ళేది, పని లేని రోజుల్లో బుట్టలో ఆకుకూరలు పెట్టుకుని సంతకొచ్చేది. నేను పొద్దున్నే మిషను దగ్గర కూర్చుంటే పొద్దుగూకేదాకా కాళ్ళు ఆడుతూనే ఉండేవి. ఆ తొక్కుడులో ఒక దరువుంటుంది. లంగా అంచు కుట్టేటప్పుడు దరువు తిన్నగా పరిగెడుతుంది. జాకెట్టు చేయి తిప్పే చోట నెమ్మదిస్తుంది, అక్కడ మాటను కాస్త సాగదీయాలి. దారం తెగితే చరణం అయిపోయినట్టే. నేను మాటలు కట్టడం నేర్చుకున్నది అలాగే. పక్క కొట్టు వాళ్ళు "ఈడు గుడ్డ కుడతన్నాడో పాట కుడతన్నాడో" అని ఎగతాళి చేసేవారు. ఆ ఎగతాళి నాకు నచ్చేది.

విజయనగరం కాలేజీలో పాఠాలు చెప్పే మేష్టారొకాయన మా వైపు ఊళ్ళకు కూలీల సంఘం పని మీద వచ్చేవాడు. ఒక రోజు వాన పడుతుంటే బస్సు కోసం మా అరుగెక్కి నిలబడ్డాడు. నేను చూసుకోకుండా పాడుకుంటున్నాను. బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఆయన కదల్లేదు. "ఈ మాటలెవరివయ్యా?" అన్నాడు. నావేనన్నాను. "వరసో?" అన్నాడు. మా ఊరి ఆడవాళ్ళదన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అదీ! వరస జనానిది, మాట మనది. అంతే కావాలి" అన్నాడు. చదువుకున్నవాడు నన్ను పట్టించుకుని మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన ఏమన్నా తలూపేసేవాణ్ణి, అర్థమైనా కాకపోయినా.

అలా సంఘం పాటలోణ్ణయ్యాను. సంత లేని రోజుల్లో కొట్టుకు సెలవు పెట్టి, డప్పు చంకనేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళం. మేష్టారు మాట్లాడతాడు, నేను పాడతాను. పాటకు నా పేరుండేది కాదు. సంఘం పాటకు పేరుండకూడదన్నాడాయన. దానికీ తలూపాను. లోపల మాత్రం కొంచెం బాధ ఉండేది.

ఆ ఏడు వరినాట్ల కాలం వచ్చింది. మా వైపు ఉబాలంటాం. కూలి పెంచకపోతే ఉబాలకు దిగేది లేదని ఆడవాళ్ళ చేత అనిపించాలి. నేను పాట మీద పాట కట్టాను. నాలో దమ్మంతా పెట్టి పాడాను. వాళ్ళు గట్ల మీద కూర్చుని, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఎంతో ఓపికగా వినేవారు. అయ్యాక "బాగుందిరా గుంటా, మరి సినిమాలోకెల్లిపో" అనేవారు. తర్వాత లేచి చీరలు పైకి దోపుకుని మళ్లలోకి దిగిపోయేవారు. మేష్టారు కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. ఆ తుడవడం చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇక్కడ మా ఊరి సంబరం సంగతి చెప్పాలి. ఏటా ఎండాకాలంలో అమ్మోరి సంబరం చేస్తారు. మొదటి రోజు తల్లిని ఘటంలోకి పిలుస్తారు, చివరి రోజు ఆ ఘటాన్ని ఊరు దాటించి పంపేస్తారు. దాన్ని అనుపు అంటారు. ఊళ్ళో ఉన్న జబ్బులు, పీడలు అన్నీ ఆమెతో పోతాయని నమ్మకం. ఘటం గుడి నుంచి పొలిమేర దాకా నడిచేది పాట మీదే. ముందు మా అమ్మ ఒక వరస అంటుంది, వెనకాల ఆడవాళ్ళు జవాబు అంటారు. జవాబు వినబడితేనే ఘటం ఎత్తుకున్నవాడు అడుగేస్తాడు. జవాబు లేకపోతే ఘటం కదలదు, అది రివాజు. పాట సాగుతున్నంతసేపు ఇళ్ళలో ఎవరూ ఉండకూడదు. మంచాన పడ్డవాళ్ళను కూడా గుమ్మం దాకా తెచ్చి నిలబెడతారు. దారి పొడుగునా ఇంటింటి వాళ్ళూ వచ్చి పసుపునీళ్ళు పోసి దండం పెడతారు.

ఆ పాటను ఆ ఒక్క సాయంత్రమే తియ్యాలి. మిగతా ఏడాదంతా దాని ఊసెత్తకూడదు. వంట చేస్తూ కూనిరాగంగా కూడా అనకూడదు. వేళ కాని వేళ అది వింటే తల్లి తనను పొమ్మంటున్నారనుకుంటుంది, తన వెంట ఎవరినో ఒకరిని తీసుకుపోతుంది అనేవారు. అమ్మకు ఆ పాట మా నాయనమ్మ ఇచ్చింది. ఏడాదంతా ఊళ్ళో అందరికీ అమ్మ "ఒసే". కామందు ఇంట్లో పాలేరు కూడా "ఒసే" అనే పిలిచేవాడు. అనుపు నాడు మాత్రం కామందు భార్య చెప్పులు విప్పి ఎదురొచ్చి "అమ్మా" అనేది. అమ్మ ఆ ఒక్క సాయంత్రం కోసమే బతికేదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తలంటుకుని, తడి జుట్టు వదిలేసి, ఘటం ముందు నిలబడితే ఆమె మా అమ్మలా ఉండేది కాదు. నాకు కొంచెం భయమేసేది, చాలా గర్వంగా ఉండేది.

ఆ వరస నా కాళ్ళకు ఎలా తగులుకుందో చెప్పలేను. ఒక మధ్యాహ్నం దుప్పటి అంచు కుడుతున్నాను. మాటలు కూలి గురించే, ఎప్పటివే. దరువు మాత్రం అనుపు దరువు. అమ్మ పాటలో జవాబు "దాటవే తల్లీ, పొలిమేర దాటవే" అని ఉంటుంది. నా నోట "దాటరా కామందూ, పొలిమేర దాటరా" అని వచ్చింది. మిషను ఆపేసి చుట్టూ చూశాను. తప్పు చేస్తున్నానా అని అనుకున్నాను, నిజమే. కానీ అసలు అమ్మోరే లేదని మేష్టారు అప్పటికే నాకు బోధపరిచి ఉన్నాడు. లేని తల్లికి కోపమెలా వస్తుంది? ఈ తర్కం అప్పుడు చాలా గట్టిగా కనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా దానిలో లోపమెక్కడుందో పట్టుకోలేకపోతున్నాను.

మొదట పాడింది ఏటికి అవతలి ఊళ్ళో, అక్కడి కామందు ఇంటి వీధిలో. పొద్దున్నే వెళ్ళాం. మేష్టారు మాట్లాడటం అయింది. ఆడవాళ్ళు ఎప్పటిలాగే అడ్డపొగ పీలుస్తూ కూర్చున్నారు. నేను డప్పు మీద దరువెత్తి మొదటి వరస అన్నాను. ముందు కూర్చున్న ఒక ముసలామె నోట్లోంచి చుట్ట తీసేసింది. పక్కనామె తీసేసింది. నోట్లో నిప్పు పెట్టుకుని జవాబు చెప్పలేరు కదా! రెండో వరసకు అందరూ లేచి నిలబడ్డారు. "దాటరా కామందూ" అని వాళ్ళ గొంతులన్నీ ఒక్కసారి లేస్తే నా చేతిలో డప్పు తడబడింది. వాళ్ళ ఊళ్ళోనూ అనుపు వరస ఇదేనని నాకు తెలియదు. తెలిస్తే పాడేవాణ్ణో లేదో.

నేను నడవలేదు, వాళ్ళు నన్ను నడిపించారు. ఇళ్ళలో నుంచి జనం వచ్చేస్తున్నారు. ఒకాయన బాలింతను కూడా గుమ్మంలోకి తెచ్చాడు. కామందు ఇంటి ముందుకొచ్చేసరికి ఆయన "ఎవుల్రా అది?" అని అరుస్తూ అరుగు దిగబోయాడు. వెనక నుంచి ఆయన తల్లి, ముసలామె, చెంబు పట్టుకుని గబగబా వచ్చింది. చెంబులో పసుపునీళ్ళు, పైన వేపరెమ్మ. ముందున్నది నేను. ఆ నీళ్ళు నా కాళ్ళ మీద పోసి, మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టింది.

"ఎల్లిపో తల్లీ! మా గుంటల్ని ఒగ్గీసి ఎల్లిపో. నీకేటి కావాలో అడుగు, ఇస్తాం" అంది.

కొడుకు ఏదో అనబోతే "నోర్ముయ్! తల్లి గుమ్మంలోకొచ్చి అడుగుతున్నాది, ఆ కూలేదో ఇచ్చీ!" అని గదిమింది. ఆయన తల్లిని చూశాడు, జనాన్ని చూశాడు, పసుపు కాళ్ళతో నిలబడ్డ నన్ను చూశాడు. ఆ పూటే ఒప్పుకున్నాడు.

తిరుగు బస్సులో మేష్టారు ఆనందం పట్టలేకపోయాడు. "చూశావా, చైతన్యం! ఒక్క పాటతో!" అన్నాడు.

"మేష్టారూ, ఆ ముసలామె నా కాళ్ళకు పసుపునీళ్ళెందుకు పోసిందంటారు?" అన్నాను.

"భయం."

"ఎవరంటే భయం?"

"మనమంటే" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

నేను కాళ్ళ వంక చూసుకున్నాను. పసుపు ఆరి గోళ్ళ సందుల్లో అంటుకుపోయింది. గెలిచాం, అందులో అనుమానం లేదు. కూలి పెరిగింది, ఆడవాళ్ళు నవ్వుతూ మళ్లలోకి దిగారు. గెలిచింది మేమా, సంఘమా, అమ్మోరా అన్నది మాత్రం తేలలేదు. అయినా ఆ రోజు నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ సంగతి దాచుకోను.

ఆ తర్వాత ఆ పాట నా చేతిలో లేదు. ఊరి నుంచి ఊరికి తనంతట తనే పోయింది. సాలూరు వైపు లారీలు తోలేవాళ్ళు పాడుతున్నారని విన్నాను. విజయనగరంలో కోట దగ్గర పెద్ద మీటింగు పెడితే మైకులో ఎవరో గొప్ప గొంతున్నాయన పాడాడు. నేను జనం వెనకాల నిలబడి విన్నాను. పక్కనున్నాయన నన్ను మోచేత్తో పొడిచి "నీకూ వచ్చా ఈ పాట? పాడవేం?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాలనిపించింది. చెప్పలేదు.

చెప్పక్కర్లేకపోయింది. ఒక సంత రోజున అమ్మ ఖాళీ బుట్టతో మా కొట్టు దగ్గరికొచ్చి అరుగు మెట్టు మీద కూర్చుంది. మామూలుగా అలా రాదు. నేను మిషను ఆపాను.

"సంతలో ఎవులో పాడతన్నారు. ఒకామె అడిగినాది, ఆ పాట కట్టినోడు నీ కొడుకేనటే అని. ఔనన్నాను" అంది.

"కోపమొచ్చిందా అమ్మా?"

"కోపమేటి? మాటలు బాగున్నాయి. మన బాధలే గదా." కొంగుతో మెడ తుడుచుకుంది. "మరి సంబరం నాడు తల్లిని నానేటెట్టి అంపుతాను?"

"అదే పాడు. నీ మాటలు వేరు, నా మాటలు వేరు కదా."

"దినమూ యినపడే పాటకి తల్లి లెగుస్తాదేటిరా? సంతలో వంకాయలమ్మినట్టు పాడతన్నారు." గొంతులో కోపం లేదు. బేరం కుదరని వస్తువు గురించి చెబుతున్నట్టు చెప్పింది. "నువ్వు పాటలోడివి. ఆ వరస నువ్వు తీసుకెల్లిపోనావు కాబట్టి నాకు కొత్తదొకటి కట్టీ. సంబరానికింకా టైమున్నాది."

ఇంతేనా అనిపించింది. పెద్ద బరువు దిగినట్టయింది. ఇన్ని పాటలు కట్టినవాణ్ణి, అమ్మకొకటి కట్టలేనా?

కట్టలేకపోయాను. మిషను తొక్కుతూ ఏదో ఒకటి పట్టుకునేవాణ్ణి. ఇంటికెళ్ళి అమ్మ ముందు పాడేవాణ్ణి. పొయ్యి ఊదుతూ వినేది. "ఇది ఉబాల పాట" అనేది. ఇంకోటి పాడితే "ఇది మీ అత్త గుంటనూపిన జోల" అనేది. ఒకసారి ఇది మాత్రం ఎవరిదీ కాదని నమ్మకంగా పాడాను. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. "ఒరే, ఇది సినిమాదిరా! మొన్న టూరింగు టాకీసులో యిన్నాం గదా!" అంది. నాకు నవ్వు రాలేదు. ఎప్పుడూ ఎవరి వరసో తీసుకుని నా మాట తొడిగానని, నాదంటూ ఒక్క వరసా లేదని అప్పుడు తెలిసింది. పాటలోడినన్న పేరు నాకెందుకో కూడా అర్థం కాలేదు.

మేష్టారిని అడిగాను, కొంతకాలం ఆ పాట పాడటం ఆపేద్దామా అని. అమ్మ సంగతి చెప్పాను. "ఇప్పుడు అమ్మవారికి పాట కడుతున్నావా? నువ్వా?" అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడి, "జనం నోట్లోకి వెళ్ళిన పాటను వెనక్కెవరు తీసుకుంటారయ్యా? నువ్వూ నేనూ ఎవరం?" అన్నాడు. ఆ మాట నిజమే. ఇంటికెళ్తే అమ్మ మాటా నిజంగానే ఉండేది. దారిలో సైకిలు మీద ఉన్నంతసేపు రెండూ నిజాలే, నేనే అబద్ధంలా ఉండేవాణ్ణి. ఒక సాయంత్రం చిరాకు పట్టలేక అమ్మ మీద అరిచాను.

"అసలు తల్లే లేదు! లేని తల్లికి పాటెందుకే నీకు?"

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అన్నం పెట్టింది. ఆ పైన కొత్త వరస ఊసెత్తలేదు.

సంబరం దగ్గర పడేసరికి రోజులు మారిపోయాయి. కొండల వైపు కాల్పులు జరుగుతున్నాయని చెప్పుకునేవారు. ఊళ్ళలో పోలీసులు దిగారు. సంఘం వాళ్ళు కొందరు దొరికారు, కొందరు కనబడకుండా పోయారు. మేష్టారు రావడం మానేశాడు. ఎక్కడున్నాడని అడగడానికి కూడా ఎవరూ లేరు. ఆ పాట ఎక్కడా వినబడకూడదన్నారు పోలీసులు. వాళ్ళకు మాటలు తెలియవు, వరస తెలుసు. చెరుకు బండి తోలుకునేవాడొకడు దాన్ని ఈల వేసుకుంటూ పోతుంటే దింపి చెంపలు వాయించారు.

ఊరి పెద్దలు మా ఇంటికొచ్చారు. ఈ ఏడు అనుపుకు పాట వద్దు, రామభజన చేయిస్తాం, నువ్వు ఇంటి దగ్గరుండిపో అని అమ్మతో అన్నారు.

"నాది తల్లి పాట బావూ. ఆడిది కూలి పాట. మాటలు యింటే తెలీదేటి ఆళ్ళకి?" అంది అమ్మ.

"పోలీసోళ్ళకి నీదేదో ఆడిదేదో ఎలా తెలుస్తాది? ఊరిని సావగొడతారు."

అమ్మ నా వైపు చూసింది. నేనేదో చెబుతాననుకుంది. ఏం చెప్పను? ఆమె పాటను నేను తీసుకున్నాను, నా పాటను వాళ్ళు తీసుకున్నారు, ఇప్పుడు ఎవరి పాట ఎవరిదో పోలీసులకే కాదు నాకూ తెలియడం లేదు. అమ్మకు ఏడాదికి ఒక్క సాయంత్రం ఉండేది, అదీ పోతోంది.

అనుపు నాడు పొద్దు వాలకముందే పొలిమేర దగ్గర తాటిచెట్టు కింద ఒక కానిస్టేబులు సైకిలు స్టాండేసి నిలబడ్డాడు. భజన వాళ్ళు గుడి దగ్గర తాళాలు సర్దుకుంటున్నారు. ఘటం ఎత్తుకునేవాడు ఘటమెత్తుకున్నాడు. అప్పుడొచ్చింది అమ్మ. తలంటుకుంది, తడి జుట్టు వీపు మీద వదిలేసింది. ఎవరినీ చూడకుండా వచ్చి ఘటం ముందు నిలబడింది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ వేషంలో ఉన్న మనిషిని పక్కకు పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు.

అమ్మ పాట తీసింది. "పసుపు నీళ్ళు పోసినాము, పచ్చరెమ్మ ఊపినాము, సల్లబడి కదలవే..." పాత మాటలే.

జవాబు లేదు. ఆడవాళ్ళు కిక్కురుమనలేదు. తలలు దించుకున్నారు, ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఘటం కదలలేదు. అమ్మ కాసేపు ఆగి అదే వరస మళ్ళీ అంది. మళ్ళీ నిశ్శబ్దం. ఘటం కింద ఉన్నవాడికి చెమట కారిపోతోంది. అమ్మ వెనక్కి తిరగలేదు, తిరగకూడదు. జవాబు కోసం అలా ఆగి నిలబడ్డ ఆమె వీపును చూస్తే నాకు దుఃఖం ఆగలేదు. జిల్లా అంతా పాడుకున్న వరస. అమ్మ పాడితే పలికే దిక్కు లేదు.

మగవాళ్ళు జవాబు చెప్పడం మా ఊళ్ళో లేదు. నేను నోరు తెరిచాను. "దాటవే తల్లీ" అనాలి. చిన్నప్పటి నుంచీ విన్నదే, నాకు రాక కాదు. నోట్లోంచి వచ్చింది మాత్రం "దాటరా కామందూ, పొలిమేర దాటరా".

ఘటం అడుగు వేసింది.

అందరూ నన్నే చూశారు. అమ్మ చూడలేదు. రెండో వరస అంది. ఈసారి జాగ్రత్తగా, మాటలు ముందే కూడబలుక్కుని జవాబు చెప్పాను. మళ్ళీ కామందే వచ్చాడు. నాలుక నా మాట వినడం లేదు. ఆమె తల్లిని బతిమాలుతోంది, నేను కామందును పొమ్మంటున్నాను, ఆ రెంటి మీదా ఘటం నడుస్తోంది. వీధిలో సగం దూరం వచ్చేసరికి వెనక కొన్ని ఆడగొంతులు కలిశాయి. వాళ్ళు తల్లి అంటున్నారో కామందు అంటున్నారో నాకు వినబడలేదు. మా కామందు భార్య చెప్పులు విప్పి, చెంబుతో ఎదురొచ్చి నీళ్ళు పోసింది. ఎవరి మాట విని పోసిందో ఆమెకే తెలియాలి.

పొలిమేర దగ్గర కానిస్టేబులు ఘటాన్ని చూసి టోపీ తీసి దండం పెట్టాడు. నా జవాబు విని లాఠీ మీద చేయి వేశాడు. అమ్మ వరసకు మళ్ళీ చేతులు జోడించాడు. ఆయనా ఈ వైపు మనిషే, చిన్నప్పుడు ఎన్ని అనుపులు నడిచుంటాడో. ఘటం దాటింది. అందరూ వెనక్కి చూడకుండా ఊళ్ళోకి నడిచారు. ఆయన నా భుజం పట్టుకుని ఆపాడు.

"నువ్వు పాడింది ఏ పాటరా?"

"తెలీదు బాబూ" అన్నాను. అంత నిజం నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

నా ముఖంలోకి చూశాడు. నన్ను స్టేషనుకు తీసుకెళ్ళాలో, తల్లి బొట్టు పెట్టించుకుని పోవాలో ఆయనకూ తెలియడం లేదని నాకర్థమైంది. "ఇంటికెల్లు. ఈ వైపు కనబడకు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళకు గొడవలు సద్దుమణిగాయి. నేను మళ్ళీ మిషను తొక్కుతున్నాను, మళ్ళీ మాటలు కడుతున్నాను. ఆ వరస జోలికి మాత్రం పోలేదు. మధ్యలో సంబరాలు భజనతోనే కానిచ్చారు. ఒక ఎండాకాలం ఊరి పెద్దలు వాళ్ళంతట వాళ్ళే మా ఇంటికొచ్చారు, కామందుతో సహా. భజనతో ఊరికి అనుపు చేసినట్టే లేదట. ఊళ్ళో జ్వరాలు ఎక్కువయ్యాయట. కామందు మా వాకిట్లో నిలబడి, "అమ్మా, ఈ ఏడు మళ్ళీ నువ్వే పాట తియ్యాలి" అన్నాడు. సంబరం రోజు కాకుండా మామూలు రోజున ఆయన అమ్మను అలా పిలవడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ సాయంత్రం అమ్మకు తిరిగొచ్చిందనుకున్నాను.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"తల్లి ఆ యేడే ఎల్లిపోనాది బావూ. మరి రానేదు. ఇప్పుడు ఎవుల్నంపమంటారు?" అంది.

వాళ్ళు ఇంకేదో అనబోయారు. అమ్మ వేళ్ళు మళ్ళీ చేటలోకి పోయాయి. వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. "అదేంటమ్మా? నిజంగానే తల్లి లేదంటావా?" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినబడింది.

అమ్మ చేట పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "మీ మేష్టరు సెప్పిందదే గదా. నువ్వు అరిసిందీ అదే గదా. నానూ ఇప్పుడదే అంటన్నాను" అంది. తన కొంగుతో నా చెంపలు తుడిచింది. "మరెందుకురా నాయనా ఏడస్తన్నావు?"